ఫానూస్ పట్టిన నర్సమ్మ.. ఫ్లోరెన్స్ నైటింగేల్

ఏటా మే 12 వస్తే బందరులోనైనా, గుడివాడలోనైనా నర్సింగ్ చదివే అమ్మాయిలు చేతిలో దీపం పట్టుకుని వరుసగా నిలబడతారు. ఆ రోజు అంతర్జాతీయ నర్సుల దినోత్సవం. ముందు పూలదండ వేసిన ఫొటో ఒకటి ఉంటుంది. అందులో తలకు తెల్లటి గుడ్డ కట్టుకున్న ఇంగ్లీషు మహిళ, చేతిలో అల్లాద్దీన్ కథల్లో ఉండేలాంటి దీపం. ఆమే ఫ్లోరెన్స్ నైటింగేల్.

నిజానికి ఆమె పట్టుకున్నది అలాంటి దీపం కాదు. టర్కీలో వాడే ఫానూస్. మడత పెట్టే వీలున్న, చుట్టూ పల్చటి తెర ఉన్న లాంతరు. ఫానూస్ అంటే ఏమిటో ఉర్దూ మాట్లాడే ఇళ్లల్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆమె పేరు మోగిపోయిన ఆసుపత్రి కూడా లండన్‌లో లేదు. ఇస్తాంబుల్‌కు ఎదురుగా, సముద్రపు పాయకు అవతలి ఒడ్డున ఉన్న ఉస్కుదార్‌లో, ఉస్మానియా సుల్తాన్ ఇచ్చిన ఫౌజీ బారకాసులో ఉండేది.

దీపం మార్చి గీసినట్టే జనం ఆమె కథను కూడా కొంచెం మార్చి చెప్పుకున్నారు. జాలి గుండె ఉన్న అమ్మగానే గుర్తుపెట్టుకున్నారు. జాలి ఉన్న మాట వాస్తవమే. కానీ ఆమె జీవితం మొత్తం కఠినమైన నిర్ణయాలతో నిండి ఉంది. రోగికి మేలు చెయ్యడం, కీడు జరగకుండా చూడడం, అందరినీ ఒకేలా చూడడం, నిజం దాచకపోవడం.. ఇవాళ నర్సింగ్ పిల్లలు ఎథిక్స్ పేరుతో చదివే పాఠాలు ఇవే. ఆమెకు ఈ పాఠాలు చెప్పే పుస్తకం లేదు. ఒక్కొక్కటీ వార్డులోనే తేల్చుకోవాల్సి వచ్చింది.

ఇంట్లో పోరాటం

ఫ్లోరెన్స్ 1820 మే 12న ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో పుట్టారు. ఆ ఊరి పేరే ఆమెకు పెట్టారు. తండ్రి విలియం బాగా ఆస్తిపరుడు. ఇద్దరు కూతుళ్లకూ తానే కూర్చుని గ్రీకు, లాటిన్, చరిత్ర, తత్వశాస్త్రం నేర్పించాడు. ఫ్లోరెన్స్‌కు లెక్కలంటే ప్రాణం.

దేవుడు తనను సేవకు పిలిచాడని 17వ ఏటకు ముందే ఆమె నమ్మారు. నర్సు అవుతానని చెప్పేసరికి ఇల్లు భగ్గుమంది. ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో నర్సు అంటే తాగుబోతు, చదువు లేని మనిషి అనే పేరుండేది. మంచి కుటుంబాల వాళ్లు ఆసుపత్రి గడప తొక్కేవారే కాదు. తల్లి ఏడ్చింది, అక్క అలిగింది. మంచి సంబంధం ఒకటి వచ్చి, ఆ మనిషి ఏళ్ల తరబడి ఎదురుచూసినా ఫ్లోరెన్స్ చివరికి వద్దన్నారు. 1851లో జర్మనీలోని కైజర్స్‌వెర్త్‌లో కొన్ని నెలలు ఉండి రోగుల సేవ నేర్చుకున్నారు. అప్పటికి వయసు 31. మనసు పడ్డ పనిలో అడుగు పెట్టడానికి దాదాపు 14 ఏళ్ల సబర్ పట్టింది.

ముఫ్తీకి కూడా దారి ఇవ్వాలి

1853 ఆగస్టులో లండన్‌లోని హార్లే వీధిలో ఆడవాళ్ల కోసం నడిచే ఒక చిన్న ఆసుపత్రికి ఆమె అధికారి అయ్యారు. పనిలో చేరగానే పేచీ మొదలైంది. ఇంగ్లండ్ చర్చికి చెందినవాళ్లనే చేర్చుకోవాలి, క్యాథలిక్‌లను తీసుకోకూడదు అంది కమిటీ. అలాగైతే తనకు ఈ పని వద్దని ఆమె తేల్చి చెప్పేశారు. క్యాథలిక్‌లనే కాదు, యూదులనూ తీసుకోవాలి, వాళ్ల రబ్బీలనూ రానివ్వాలి అని పట్టుబట్టారు.

చివరికి కమిటీ దిగి వచ్చింది. ఏ మతంవారినైనా చేర్చుకోవచ్చు, వాళ్ల మతపెద్దలు, ముఫ్తీలతో సహా, వచ్చి చూసి వెళ్లొచ్చు అనే నిబంధన అచ్చులో పెట్టించారు. బదులుగా కమిటీ ఒక షరతు పెట్టింది. అలా వచ్చే వేరే మతపెద్దను ఆమే గుమ్మం దగ్గర కలిసి, మేడ మీదకు తీసుకెళ్లి, మాట్లాడినంతసేపూ అక్కడే ఉండి, మళ్లీ కిందకు దింపాలి. ఆమె సరేనన్నారు. తన శ్రమ పెరిగినా ఫరవాలేదు, రోగి హక్కు తగ్గకూడదు అన్నది ఆమె లెక్క. 1853 నాటి లండన్‌లో ఆ మంచం మీదకు ముస్లిం రోగి రావడం అరుదే. అయినా ముఫ్తీ అనే మాట ఆ ఆసుపత్రి గుమ్మం దాకా వచ్చింది.

గుమ్మం దగ్గర ఆగిన నర్సులు

మరుసటి ఏడాది క్రిమియా యుద్ధం ముదిరింది. ఉస్మానియా సల్తనత్ తరఫున బ్రిటన్, ఫ్రాన్స్ రష్యాతో తలపడ్డాయి. గాయపడ్డ బ్రిటిష్ సిపాయిలు పట్టించుకునేవాళ్లు లేక చనిపోతున్నారని పత్రికల్లో వచ్చేసరికి దేశం అట్టుడికిపోయింది. యుద్ధమంత్రి సిడ్నీ హెర్బర్ట్ కోరిక మీద ఫ్లోరెన్స్ 38 మంది నర్సులను వెంటబెట్టుకుని బయల్దేరారు. 1854 నవంబర్ 4న ఉస్కుదార్ చేరారు.

బారకాసులో అడుగు పెడితే కంపు, ఎలుకలు, పేలు. నేల మీద పడుకోబెట్టిన మనుషులు. గోదాముల్లో సరుకున్నా సంతకాలు పడక బయటికి రాదు. వీటన్నిటికీ మించి, ఆడవాళ్లు ఇక్కడికెందుకు అంటూ ఫౌజీ డాక్టర్లు మొహం తిప్పుకున్నారు.

అప్పుడు ఆమె తీసుకున్న నిర్ణయం చూసి వెంట వచ్చిన నర్సులకే మనసు రగిలింది. డాక్టర్ అడగనిదే ఏ నర్సూ రోగిని తాకకూడదు అని ఆమె హుకుం జారీ చేశారు. లోపల మనుషులు మూలుగుతుంటే బయట నర్సులు చొక్కాలు, కట్లు కుడుతూ కూర్చున్నారు. ఆమెకు జాలి లేదనుకున్నవాళ్లున్నారు. కానీ అనుమతి లేకుండా చొరబడితే మర్నాడే వెనక్కి పంపేస్తారని, ఆ తర్వాత ఆ రోగులకు ఎవరూ మిగలరని ఆమెకు తెలుసు. ఒక పూట సేవ కోసం మొత్తం సేవను పోగొట్టుకోకూడదు అనుకున్నారు. కొద్ది రోజుల్లోనే ఓడల మీద వందల కొద్దీ క్షతగాత్రులు దిగారు. డాక్టర్లకు చేతులు చాలక నర్సులను పిలిచారు. మళ్లీ ఎవరూ వాళ్లను బయటకు పొమ్మనలేదు.

ఆ ఎదురుచూపుల్లో ఒక్క ప్రాణమైనా పోయి ఉంటే ఆ నిర్ణయం సరైనదేనా? ఈ ప్రశ్నకు తేలిక జవాబు లేదు. రూలుకూ రోగికీ మధ్య నిలబడే ప్రతి నర్సుకూ ఇలాంటి రోజు ఒకటి వస్తుంది.

రాత్రి వార్డు, అమానత్

రాత్రి 8 దాటాక వార్డుల్లో ఆడవాళ్లు ఉండకూడదని ఆమె నియమం పెట్టారు. నర్సులకు చెడ్డపేరు రాకూడదు, రోగులకు ఇబ్బంది కలగకూడదు అన్నదే కారణం. ఆ తర్వాత ఫానూస్ పట్టుకుని కిలోమీటర్ల పొడవున్న ఆ వరండాలన్నీ ఆమె ఒక్కరే తిరిగేవారు. దీపం కథ అక్కడే పుట్టింది.

పగలు ఆమె చేసిన పని మాత్రం ఫొటోల్లో కనిపించదు. చనిపోయిన సిపాయి ఇంటికి ఉత్తరం రాసేవారు. చివరి ఘడియలు ఎలా గడిచాయో తల్లికో భార్యకో తెలియజేసేవారు. సిపాయిలు తాగి తగలేసే జీతం డబ్బులు ఇళ్లకు చేరేలా ఏర్పాటు చేశారు. వాళ్లు నమ్మి చేతిలో పెట్టిన ప్రతి పౌనూ ఆమెకు అమానత్. వార్డులో మతప్రచారం చెయ్యొద్దని తన నర్సులను కట్టడి చేశారు. జబ్బు మనిషి నిస్సహాయంగా ఉన్నప్పుడు అతని విశ్వాసం మీద చెయ్యి వెయ్యడం తప్పని ఆమె అభిప్రాయం. సుల్తాన్ అబ్దుల్ మజీద్ ఆమె ఖిద్మత్‌కు మెచ్చి రవ్వల కంకణం బహూకరించాడు.

ఇలాంటి ఖిద్మత్ ముస్లిం కుటుంబాలకు కొత్త కాదు. అంతకు 1200 ఏళ్ల ముందే మదీనాలో హజ్రత్ రుఫైదా అస్లమియా (రజి) గాయపడ్డవాళ్ల కోసం ఖైమా వేసి వైద్యం చేశారు. ఖందఖ్ యుద్ధంలో బాణం దెబ్బ తిన్న హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (రజి)ను ఆమె దగ్గరే ఉంచారు. కాలం వేరు, దేశం వేరు. రోగి పక్కన మెలకువగా ఉండే మనిషి మాత్రం ఒక్కరే.

తన ఆసుపత్రి లెక్క తానే బయటపెట్టారు

ఇక్కడే ఆమె జీవితంలోని అసలు పరీక్ష ఉంది. ఆమె వచ్చాక ఆహారం మెరుగుపడింది, గుడ్డలు శుభ్రపడ్డాయి. అయినా చావులు ఆగలేదు. 1855 ఫిబ్రవరిలో ఉస్కుదార్ ఆసుపత్రిలో మరణాల రేటు నూటికి 42 దాకా వెళ్లింది. తిండి లేక, చలికి తట్టుకోలేక నీరసించిపోయి వస్తున్నారు కాబట్టి చనిపోతున్నారనే మొదట్లో ఆమె కూడా అనుకున్నారు.

మార్చిలో లండన్ నుంచి శానిటరీ కమిషన్ వచ్చింది. తవ్వి చూస్తే బారకాసు కింద మురుగు కాలవలు పూడిపోయి ఉన్నాయి. తాగే నీళ్లు వచ్చే దారిలో గుర్రం కళేబరం కుళ్లుతోంది. మురుగు కడిగించి, చెత్త ఎత్తించి, గాలి ఆడేలా చేశాక జూన్ కల్లా మరణాల రేటు నూటికి రెండుకు కాస్త అటూ ఇటూగా పడిపోయింది.

1856లో ఇంగ్లండ్ తిరిగి వచ్చేసరికి ఆమె దేశానికే ఆరాధ్యదేవత. అక్కడితో ఆగి, పొగడ్తలు వింటూ బతికెయ్యొచ్చు. ఆమె మాత్రం విలియం ఫార్ అనే గణాంక నిపుణుడితో కూర్చుని చావుల లెక్కలు తీశారు. గాయాలతో పోయినవాళ్ల కన్నా రోగాలతో పోయినవాళ్లే ఎన్నో రెట్లు ఎక్కువని తేలింది. తాను రాత్రింబవళ్లు తిరిగిన ఆసుపత్రే చావుల్లో అన్నిటికన్నా ముందుందని కూడా తేలింది.

ఆ అంకెలు దాచితే అడిగేవాడు లేడు. ఆమె దాచలేదు. చావుల సంఖ్యను రంగుల చక్రంలా గీసి, చదువు రానివాడికి కూడా ఒక్క చూపులో అర్థమయ్యేలా 1858లో అచ్చు వేయించి మంత్రులకు, అధికారులకు పంపారు. తన పేరు కాస్త మసకబారినా సరే, రేపు వచ్చే రోగి బతకాలి అన్నదే ఆమె నిర్ణయం. ఆసుపత్రిలో పొరపాటు జరిగితే కప్పిపుచ్చడం ఈరోజుకీ తేలిక. పొరపాటు రాసి పెట్టి, అది మళ్లీ జరగకుండా దారి వెతకడమే నర్సింగ్ ఎథిక్స్‌లో అన్నిటికన్నా కష్టమైన పాఠం.

ఇంట్లో రోగిని చూసుకునేవాళ్లకు

జనం ఆమె పేరు మీద దాదాపు 45,000 పౌన్లు చందా పోగుచేశారు. ఆ సొమ్ముతో 1860లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల స్కూలు మొదలైంది. అదే సమయంలో నర్సింగ్ మీద ఆమె ఒక చిన్న పుస్తకం రాశారు. అది నర్సుల కోసం కాదు, ఇంట్లో జబ్బు మనిషిని చూసుకునే మామూలు ఆడవాళ్ల కోసం.

అందులోని సలహాలు ఇప్పటి ఇళ్లకు కూడా సరిపోతాయి. రోగి గది తలుపు బయట నిలబడి గుసగుసలాడొద్దు, అతని గుండె అదురుతుంది. ఏం ఫరవాలేదు, రేపే లేచి తిరుగుతావు అంటూ ఉత్తుత్తి ధైర్యం చెప్పొద్దు, అతనికి నిజం తెలుసు. చూడ్డానికి వచ్చినవాళ్లు ఒక్కొక్కరూ ఒక్కో మందు చెప్పి బుర్ర తినొద్దు. కిటికీ తెరవాలి, వెలుతురు రానివ్వాలి. రోగి ఏం తిన్నాడు, ఎంత నిద్రపోయాడు అన్నది అంచనాగా కాకుండా చూసి చెప్పాలి. ఒకళ్లు లేనప్పుడు ఆ పని ఇంకొకళ్లు చేసేలా ముందే అప్పజెప్పి వెళ్లాలి. రోగి సంగతులు వీధిలో చెప్పుకునే మనిషి నర్సుగా పనికిరాదు.

మన కాలవల దాకా

ఆ యుద్ధంలో పట్టుకున్న జ్వరం ఆమెను జీవితాంతం వదల్లేదు. 1857 నుంచి చాలా ఏళ్లు మంచం మీదే గడిచాయి. హిందుస్తాన్ ఎప్పుడూ చూడలేదు. కానీ ఆ మంచం మీద కూర్చునే దాదాపు 40 ఏళ్లు ఈ దేశం గురించి పనిచేశారు.

1859లో హిందుస్తాన్‌లోని ఫౌజు ఆరోగ్యం మీద రాయల్ కమిషన్ వేశారు. దేశంలోని ఫౌజీ స్టేషన్లన్నిటికీ ప్రశ్నల పత్రాలు వెళ్లాయి. వచ్చిన జవాబుల కుప్పల్ని ఆమె జల్లెడ పట్టారు. ఇక్కడి బ్రిటిష్ సిపాయిలు ఏటా వెయ్యికి 69 మంది చనిపోతున్నట్టు 1863 నివేదికలో తేలింది. చెడ్డ నీళ్లు, మురుగు, ఇరుకు.. మళ్లీ ఉస్కుదార్ కథే. మొదట ఆమె చూపు సిపాయిల మీదే ఉండేది. రానురాను, పక్క ఊళ్లో రైతు ఆకలితో ఉంటే బారకాసులో సిపాయి ఆరోగ్యంగా ఉండడం కుదరదని అర్థమైంది.

అప్పుడే ఆమె చూపు కృష్ణా, గోదావరి డెల్టాల మీద పడింది. 1832-33 డొక్కల కరువులో గుంటూరు సీమ శ్మశానమైపోయింది. ఆ తర్వాత ఆర్థర్ కాటన్ పట్టుదలతో ధవళేశ్వరం దగ్గర గోదావరికి ఆనకట్ట కట్టారు. ఆయన వేసిన దారిలోనే 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణకూ ఆనకట్ట లేచింది. బందరు కాలవ, దివిసీమకు వెళ్లే కాలవ, గుడివాడ వైపు మాగాణికి నీళ్లిచ్చే కాలవలు అన్నిటికీ మూలం ఆ ఆనకట్టే. 1876-78 ధాత కరువులో మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షల మంది చనిపోతుంటే ఈ డెల్టాలు మాత్రం పంట పండించి నిలిచాయి.

కాటన్ వాదనను లండన్‌లో చాలామంది అధికారులు ఎగతాళి చేశారు. రైళ్లకు పెట్టే డబ్బు కాలవలకు దండగ అన్నారు. నైటింగేల్ ఆయన పక్షాన నిలబడ్డారు. ఆయనతో ఉత్తరాలు నడిపారు, మంత్రులకు రాశారు, 1874లో అచ్చయిన తన పుస్తకంలో నీటిపారుదల గురించి విడిగా చేర్చారు. నీళ్లు పారించడంతో పాటు మురుగు పోయే దారి కూడా ఉండాలని, లేకపోతే జ్వరాలు తప్పవని హెచ్చరించారు. దోమలతో వేగే డెల్టా ఊళ్లకు ఆ మాట విలువ బాగా తెలుసు.

నర్సుకు కాలవలతో ఏం పని అని అప్పుడూ అడిగారు. రోగి మంచం దాకా వచ్చేలోపే జబ్బును ఆపగలిగితే అదే పెద్ద సేవ అన్నది ఆమె సమాధానం. మగ డాక్టర్ దగ్గరకు వెళ్లలేని పర్దా ఆడవాళ్ల వైద్యం కోసం 1885లో లేడీ డఫరిన్ నిధి మొదలైనప్పుడు కూడా ఆమె సలహాలు అందించారు.

ఆమె తప్పులు

ఆమెను ఫరిష్తాను చెయ్యక్కర్లేదు. క్రిముల వల్ల రోగాలు వస్తాయన్న సంగతిని ఆలస్యంగా గానీ ఒప్పుకోలేదు. అదే యుద్ధంలో సొంత డబ్బుతో సిపాయిలను ఆదుకున్న జమైకా మహిళ మేరీ సీకోల్‌ను తక్కువ చేసి చూశారు. నర్సులకు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ పెట్టాలంటే గట్టిగా వ్యతిరేకించారు. పరీక్ష పాసైతే మంచి నర్సు అయిపోరు, మంచితనాన్ని రిజిస్టర్‌లో రాయలేం అని ఆమె వాదన. ఆ విషయంలో కాలం ఆమెతో ఏకీభవించలేదు. ఇప్పుడు కౌన్సిల్ రిజిస్ట్రేషన్ లేనిదే నర్సు ఉద్యోగం లేదు, ఉండకూడదు కూడా.

దీపం పట్టుకుని పిల్లలు చెప్పే నైటింగేల్ ప్రమాణం కూడా ఆమె రాసింది కాదు. 1893లో అమెరికాలోని డెట్రాయిట్‌లో ఆమె గౌరవార్థం తయారైంది.

చివరి రోజులు

చివరి ఏళ్లల్లో చూపు పోయింది. 1907లో బ్రిటన్ ఆర్డర్ ఆఫ్ మెరిట్ బిరుదు ఇచ్చింది. అది అందుకున్న మొదటి మహిళ ఆమే. 1910 ఆగస్టు 13న 90వ ఏట కన్నుమూశారు. రాజులను, మహాకవులను ఖననం చేసే వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో స్థలం ఇస్తామన్నా కుటుంబం వద్దంది. ఆమె కోరినట్టే ఆర్భాటం లేకుండా, పల్లెటూరి చర్చి పక్కన, తల్లిదండ్రుల దగ్గర ఖననం చేశారు. రాయి మీద పూర్తి పేరు కూడా లేదు. రెండు పొడి అక్షరాలు, పుట్టిన తేదీ, పోయిన తేదీ. అంతే.

భారత ప్రభుత్వం ఇప్పుడు ఉత్తమ నర్సులకు ఏటా ఆమె పేరుతోనే జాతీయ అవార్డు ఇస్తోంది. అవార్డు కొందరికే వస్తుంది. నిర్ణయాలు మాత్రం అందరికీ వస్తాయి. బందరు పెద్దాసుపత్రిలో నైట్ డ్యూటీ చేసే సిస్టర్‌కైనా, అవనిగడ్డ వైపు పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగే ఏఎన్‌ఎమ్‌కైనా అవి రోజూ ఎదురవుతాయి. ఇవ్వాల్సిన మందు ఆలస్యమైతే చార్టులో ఉన్నది ఉన్నట్టు రాయాలా, టైము మార్చి రాయాలా అన్నది చిన్న ప్రశ్నే. ఎవరూ చూడరు. ఉస్కుదార్ లెక్కలు ముందు పెట్టుకుని కూర్చున్న రోజున నైటింగేల్‌నూ ఎవరూ చూడలేదు.